చిన్న కోజీ గేమ్స్: కొనేముందు అందరూ అడిగే ప్రశ్నలు

కాల్చుకోడాలు పొడుచుకోడాలు వద్దు బాబు, ఆఫీస్ నుంచి వచ్చాక రెండు గంటల్లో అయిపోయేది ఏదైనా ఉంటే చెప్పు అని అడిగేవాళ్ళు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. ఒక్కొక్కళ్ళకి విడిగా టైప్ చేసే ఓపిక లేక అన్నీ ఒకేచోట పెడుతున్నా. ఇందులో సగం సమాచారం, సగం నా అభిప్రాయం, ఏది ఏదో మీకే తెలిసిపోద్ది.

అసలు కోజీ గేమ్ అంటే ఏంటి?

ఓడిపోతానేమో అన్న భయం లేని గేమ్. టైమర్ ఉండదు, చచ్చిపోయి మళ్ళీ మొదటికి రావడం ఉండదు, మైక్‌లో ఎవడూ బూతులు తిట్టడు. 2017లో ప్రాజెక్ట్ హార్స్‌షూ అని గేమ్ డిజైనర్లు కూర్చుని మాట్లాడుకునే ఒక సమావేశంలో దీనిమీద ఒక రిపోర్ట్ రాశారు, అందులో మూడు విషయాలు తేల్చారు: ఏ ప్రమాదమూ లేదన్న ధీమా, కావాల్సినవన్నీ ఉన్నాయన్న నిండుతనం, రంగుల్లో శబ్దాల్లో ఒక మెత్తదనం. నాకు మొదటిదే ముఖ్యం. మిగతా రెండూ ఎవరైనా పెయింట్ వేసి తెచ్చేయొచ్చు.

బొమ్మలు ముద్దుగా ఉన్నంత మాత్రాన కోజీ అయిపోదు. ఓవర్‌కుక్డ్ చూడండి, బొద్దుగా నవ్వుతూ ఉండే వంటవాళ్ళు, కానీ పైన గడియారం పరిగెడుతూ ఉంటది, ఆ గేమ్ వల్ల ఉల్లిపాయలు ఎవరు తరగాలి అని మాటలు మానేసిన మొగుడూపెళ్ళాలు నాకు తెలుసు.

చిన్నది అంటే ఎంత చిన్నది?

ఫ్లోరెన్స్ అనే గేమ్ అరగంట, మహా అయితే ముప్పావుగంట. వెంబా గంటన్నర లోపే. ఎ షార్ట్ హైక్ ఊరికే పైకి ఎక్కేస్తే రెండు గంటలు కూడా పట్టదు, తిరిగి చూస్తే ఇంకో మూడు. అన్‌ప్యాకింగ్ మూడు నాలుగు గంటలు. అంటే ఒక సినిమా నుంచి ఒక ఆదివారం మధ్యాహ్నం వరకు అనుకోండి.

స్టార్‌డ్యూ వ్యాలీ అనే పొలం గేమ్ కోజీయే గానీ చిన్నది కాదు, ఇంకొక్క రోజు ఇంకొక్క రోజు అంటూ తెల్లారిపోద్ది. యానిమల్ క్రాసింగ్ అయితే నిజం గడియారం ప్రకారమే నడుస్తది, రోజూ వెళ్ళి చెట్లు చూసుకోవాలి, వెళ్ళకపోతే కలుపు మొలుస్తది. అవి మంచివి కాదని అనట్లేదు, వాటి సంగతి వేరు. ఈ పేజీ అయిపోయే గేముల గురించి.

రెండు గంటల దానికి డబ్బులు పెట్టాలా? అదే రేటుకి వంద గంటల గేమ్ సేల్‌లో వస్తది కదా?

ఇది అందరికంటే ఎక్కువ మంది అడిగే ప్రశ్న, కాస్త కోపం తెప్పించే ప్రశ్న కూడా.

గంటకి ఎంత పడింది అని లెక్క వేసుకుంటే చిన్న గేమ్ ఎప్పుడూ ఓడిపోద్ది. కానీ ఆ వంద గంటల్లో మనం నిజంగా ఆడేది ఎంత, ఒకే గుర్రం ఎక్కి ఒకే రోడ్డు మీద పోవడం ఎంత, అది కూడా లెక్కెయ్యాలి కదా. ఉద్యోగం, పిల్లలు, ట్రాఫిక్ ఉన్నవాడికి వంద గంటల గేమ్ అంటే సగంలో ఆపేసే గేమ్ అనే అర్థం. నా లైబ్రరీలో అలా సగంలో ఆగిపోయినవి వరసగా కూర్చుని నావైపే చూస్తుంటాయి.

ఈ గొడవ కొత్తది కూడా కాదు. 2014లో లండన్‌కి చెందిన అస్‌ట్వో గేమ్స్ వాళ్ళు మాన్యుమెంట్ వ్యాలీ తెచ్చారు, కళ్ళని మోసం చేసే మెట్లు, తెల్ల గౌను వేసుకున్న రాకుమారి, అందరూ ఆహా అన్నారు. అదే సంవత్సరం చివర్లో కొత్త లెవెల్స్ తెచ్చి దానికి రెండు డాలర్లు అడిగేసరికి జనం వెళ్ళి వరసపెట్టి ఒక్క స్టార్ రేటింగులు కొట్టారు. డబ్బులు అడిగినందుకు, అంతే. బయట టీ టిఫిన్‌కి అంతకంటే ఎక్కువ పెట్టేవాళ్ళే.

ఇంకో కోణం స్టీమ్ (కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ షాపు) రీఫండ్. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడి ఉంటే డబ్బులు వెనక్కి ఇచ్చేస్తారు. కొనేవాడికి చాలా మంచి రూల్, కానీ గేమే గంటన్నర అయితే? 2021లో సమ్మర్ ఆఫ్ 58 అని ఒక చిన్న హారర్ గేమ్ చేసిన ఎమికా గేమ్స్ డెవలపర్ ఇదే చెప్పి ఇక కొన్నాళ్ళు గేములు చెయ్యను అన్నాడు, జనం మొత్తం ఆడేసి, బాగుందని రివ్యూ కూడా రాసి, రీఫండ్ తీసుకుంటున్నారని. అది కోజీ గేమ్ కాదు గానీ బాధ అదే. హోటల్లో ప్లేటు ఖాళీ చేసి డబ్బులు వెనక్కి అడిగితే ఎవరైనా ఇస్తారా? నచ్చకపోతే అడగండి, తప్పులేదు. నచ్చి, పూర్తి చేసి, రూల్ ఉంది కదా అని అడగడం మాత్రం చిల్లర పని.

ఫుల్ రేటు కష్టం అనుకుంటే సేల్ దాకా ఆగండి. సంక్రాంతికి దసరాకి బట్టలు కొన్నట్టు స్టీమ్‌లో కూడా సమ్మర్ సేల్ వింటర్ సేల్ అని ఉంటాయి, విష్‌లిస్ట్‌లో పెట్టుకుంటే మెయిల్ వస్తది.

సరే, మొదట ఏది ఆడమంటావు?

ఎ షార్ట్ హైక్. రెండో ఆలోచన లేదు.

కెనడాకి చెందిన ఆడమ్ రాబిన్సన్-యూ దాదాపు ఒక్కడే చేశాడు, 2019లో వచ్చింది. అంతకుముందు ఏదో పెద్ద గేమ్ మీద పని చేస్తూ చేస్తూ విసిగిపోయి, మధ్యలో ఊపిరి పీల్చుకోడానికి కొన్ని నెలల్లో చేసేసింది ఇది. 2020లో ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్‌లో పెద్ద ప్రైజ్ దీనికే వచ్చింది.

కథ ఇంతే: క్లెయిర్ అని ఒక పక్షి పిల్ల, సెలవులకి పిన్ని దగ్గరికి ఒక కొండల పార్కుకి వచ్చింది, పిన్ని అక్కడ రేంజర్. క్లెయిర్ ఒక ఫోన్ కోసం ఎదురుచూస్తుంది. పార్కులో సిగ్నల్ లేదు. హాక్ పీక్ అనే శిఖరం మీద మాత్రమే వస్తది. కాబట్టి ఎక్కాలి. (ఊళ్ళో సిగ్నల్ కోసం డాబా ఎక్కి చెయ్యి పైకెత్తి ఫోన్ పట్టుకున్న ప్రతి ఒక్కళ్ళకీ ఈ పాయింట్ వివరించక్కర్లేదు.)

ఎక్కడానికి బంగారు ఈకలు కావాలి. ఎన్ని ఈకలు ఉంటే అంతసేపు కొండని పట్టుకుని ఎక్కగలం, అయిపోతే జారిపోతాం, కానీ కింద పడినా దెబ్బ తగలదు, రెక్కలు చాచి దిగిపోవడమే. ఇక్కడే డిజైన్ తెలివి ఉంది. పడిపోవడం శిక్ష కాదు, పడేటప్పుడు కొత్త చోటు ఒకటి కనిపిస్తది, అటు వెళ్తాం, అక్కడ ఇసుక కోట కడుతున్న కప్ప పిల్లోడు ఉంటాడు, వాడికి బొమ్మ పార తెచ్చిస్తే వాడి దగ్గరున్న అసలు పార మనకి ఇచ్చేస్తాడు, ఆ పారతో తవ్వడం మొదలెడతాం, ఇంతలో హెడ్‌బ్యాండ్ పోగొట్టుకుని పరిగెత్తలేకపోతున్న కుందేలు ఒకటి తగుల్తది, శిఖరం సంగతి కాసేపు మర్చిపోతాం. ఎవరూ తొందరపెట్టరు. స్క్రీన్ మీద ఇటు వెళ్ళు అటు వెళ్ళు అని బాణం గుర్తు లేదు, సైన్‌బోర్డులు చదువుకుంటూ పోవడమే. పైకి వెళ్ళేకొద్దీ చలికి ఈకలు గడ్డకట్టుకుపోతాయి, పాట కూడా మనతోపాటు మారుతూ ఉంటది, మార్క్ స్పార్లింగ్ చేసిన సంగీతం.

పైన ఏ ఫోన్ వస్తదో చెప్పను. ఆ ఫోన్ వచ్చాక కిందకి ఎగురుకుంటూ దిగే రెండు నిమిషాల కోసం మొత్తం గేమ్ చేశాడేమో అనిపిస్తది.

అన్‌ప్యాకింగ్ అంట, డబ్బాలు విప్పి సామాను సర్దడమేనంట. అది ఇంట్లో చేస్తే చాలదా?

చాలదు, ఇంట్లో ఎవరి సామానో మనకి ముందే తెలుసు కాబట్టి.

ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్‌కి చెందిన విచ్ బీమ్ వాళ్ళు 2021లో తెచ్చారు. ఒక అమ్మాయి 1997లో తన చిన్నప్పటి గది నుంచి 2018 వరకు ఎనిమిది సార్లు ఇల్లు మారుద్ది. ఆ అమ్మాయి మొహం మనకి కనపడదు, డైలాగు ఒక్కటి ఉండదు. డబ్బా విప్పితే వస్తువు వస్తది, అది ఎక్కడ పెట్టాలో మనమే చూసుకోవాలి. కప్పు చెక్కమీద పెడితే ఒక చప్పుడు, టైల్స్ మీద పెడితే ఇంకో చప్పుడు, అలాంటివి 14,000 పైగా రికార్డ్ చేశారంట. బొమ్మల కొలువు పెట్టే ఇంట్లో పెరిగినవాళ్ళకి ఈ సరదా వెంటనే అర్థమవుద్ది: అటకమీంచి పెట్టె దించి, కాగితాలు విప్పుతూ, ఈ బొమ్మ పోయినేడు చెయ్యి విరగలేదూ అనుకుంటూ మెట్లమీద పేర్చడం.

2010 ఇంట్లోకి వచ్చేసరికి అసలు విషయం తగుల్తది. బాయ్‌ఫ్రెండ్ ఫ్లాట్‌లోకి మారింది, వాడి సామానంతా ఇల్లంతా పరిచి ఉంటది, మన అమ్మాయి డిగ్రీ సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టించింది ఒకటి చేతిలో ఉంటది, గోడమీద పెడదామంటే చోటు లేదు, ఎక్కడ పెట్టినా ఎర్ర గీత వస్తది, తిప్పి తిప్పి చివరికి మంచం కింద తోస్తే గానీ గేమ్ ఒప్పుకోదు. ఒక్క మాట లేదు, ఆ సంబంధం ఎలాంటిదో మొత్తం అర్థమైపోద్ది. పెళ్ళై అత్తారింటికి వెళ్ళి, తన పుస్తకాలు ఎక్కడ పెట్టుకోవాలో ఎవరినీ అడగలేక అట్టపెట్టెలోనే ఉంచేసిన ఆడవాళ్ళు దీన్ని ఇంకోలా ఆడతారు. 2022లో బాఫ్టా అని బ్రిటన్‌లో ఇచ్చే అవార్డుల్లో కథనానికి అవార్డు ఇచ్చారు, పబ్లిక్ ఓటింగ్ అవార్డు కూడా దీనికే.

మా అక్క మాత్రం చెప్పులు బీరువాలో పెట్టమంటదేంటి ఈ గేమ్, చెప్పులు గుమ్మం బయట కదా అని కాసేపు గొడవ పడింది. ఎర్ర గీతలు చిరాకు అనిపిస్తే సెట్టింగ్స్‌లో ఏది ఎక్కడైనా పెట్టుకోనిచ్చే ఆప్షన్ ఉంది, కానీ పైన చెప్పిన ఇంటికి అది ఆన్ చేస్తే అసలు పాయింటే పోద్ది.

వెంబా తమిళ గేమ్ కదా, మనకి ఎక్కుద్దా?

ఇడ్లీ ఎవరికి ఎక్కదు? టొరంటోలోని విసై గేమ్స్ వాళ్ళు 2023లో తెచ్చారు. 1980ల చివర్లో కెనడా వెళ్ళిన తమిళ జంట, వాళ్ళకి పుట్టిన కొడుకు, మధ్యలో అమ్మ ఇచ్చిన చిరిగిపోయిన వంటల పుస్తకం. పుస్తకంలో సగం అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి, మిగిలింది మనం ఊహించుకుని వండాలి. మొదటి పజిలే ఇడ్లీ పాత్ర, ప్లేట్లు ఒకదానిమీద ఒకటి ఎలా పేర్చాలి అని. తెల్లవాళ్ళ రివ్యూల్లో ఇదేదో పెద్ద పజిల్‌లా రాస్తే మనకి నవ్వొస్తది, పదేళ్ళ పిల్ల కూడా చూడకుండా పేర్చేస్తది. వంట చేస్తున్నంతసేపూ పాత తమిళ సినిమా పాటల ఫక్కీలో కొత్తగా కట్టిన పాటలు వస్తుంటాయి.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లల్ని పెంచుతున్న మన తెలుగువాళ్ళకి ఇది గట్టిగానే తగుల్తది. అమ్మ తెలుగులో అడిగితే ఇంగ్లీష్‌లో జవాబిచ్చే పిల్లాడు ప్రతి ఇంట్లో ఉన్నాడు.

కానీ నాకు ఒక కంప్లైంట్ ఉంది. గంటన్నరలో ముప్పై ఏళ్ళ కాపురం చెప్పాలంటే దూకుడు తప్పదు, వెంబాలో ఆ దూకుడు తెలిసిపోద్ది. కొడుకు దూరమయ్యాడు అని తెలిసేలోపే సంవత్సరాలు గడిచిపోతాయి, ఎందుకు దూరమయ్యాడో చూసే టైమ్ మనకి దొరకదు. చిన్న గేమ్ అన్నిసార్లూ సరిపోయేంత చిన్నదిగా ఉండదు, ఒక్కోసారి అవసరమైనదానికంటే చిన్నదైపోద్ది. అయినా 2024లో ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్ పెద్ద ప్రైజూ, బాఫ్టాలో తొలి గేమ్ అవార్డూ రెండూ వచ్చాయి, సంతోషమే.

నాకు ఫోన్ తప్ప ఏమీ లేదు.

ఫోన్ చాలు. మాన్యుమెంట్ వ్యాలీ, ఫ్లోరెన్స్, టౌన్‌స్కేపర్, అన్‌ప్యాకింగ్ అన్నీ ఫోన్‌లో ఉన్నాయి.

ఫ్లోరెన్స్ ఫోన్ కోసమే పుట్టింది. 2018లో ప్రేమికుల రోజున వచ్చింది, మెల్‌బోర్న్‌లో మౌంటెన్స్ అనే చిన్న స్టూడియో. ఫ్లోరెన్స్ అనే అమ్మాయి, చెల్లో వాయించే క్రిష్ అనే ఇండియన్ కుర్రాడు. మొదటి డేట్‌లో మాట్లాడాలంటే ముక్కలు కలిపి డైలాగ్ తయారు చెయ్యాలి, చాలా ముక్కలుంటాయి, తడబడతాం. చనువు పెరిగేకొద్దీ ముక్కలు తగ్గుతాయి, చివరికి ఒక్క ముక్క, మాట దానంతటదే వస్తది. తర్వాత గొడవలొచ్చినప్పుడు ఆ ముక్కలకి కోసుగా అంచులొస్తాయి. ఇంత సింపుల్ ఐడియా సినిమాలో చెయ్యలేరు.

పబ్లిషర్ పేరు అన్నపూర్ణ ఇంటరాక్టివ్ అని కనపడగానే అక్కినేని వాళ్ళదా అని చాలామంది అడిగారు. కాదు, అది అమెరికన్ కంపెనీ, మన బంజారాహిల్స్ స్టూడియోకి దీనికి ఏ సంబంధమూ లేదు.

స్ట్రెస్ తగ్గుద్దా నిజంగా?

కొంచెం. ఆ కొంచెం అన్న మాట గట్టిగా చెప్తున్నా.

పవర్‌వాష్ సిమ్యులేటర్ అని ప్రెషర్ పంపుతో మురికి కడిగే గేమ్ ఉంది (చిన్నది కాదు, కానీ మహా ప్రశాంతం). ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు దాన్ని చేసిన ఫ్యూచర్‌ల్యాబ్‌తో కలిసి ఆటలోనే మధ్యమధ్యలో ఇప్పుడు మూడ్ ఎలా ఉంది అని అడిగేలా ఏర్పాటు చేశారు. 39 దేశాల్లో 8,695 మంది ఆడారు, 72 శాతం మందికి మూడ్ మెరుగైంది, అదీ మొదటి 15 నిమిషాల్లోనే ఎక్కువగా. కానీ ఆ పెరుగుదల చాలా చిన్నది అని వాళ్ళే రాశారు. హెడ్డింగుల్లో ఆ చివరి ముక్క ఎగిరిపోద్ది.

కాబట్టి మేనేజర్ పెట్టే టార్చర్ గేమ్ వల్ల తగ్గదు, సోమవారం మళ్ళీ అదే మేనేజర్. నిద్ర పట్టకపోవడం, ఏదీ చెయ్యబుద్ధి కాకపోవడం వారాల తరబడి ఉంటే కోజీ గేమ్ కాదు డాక్టర్‌ని చూడాలి. దీన్ని థెరపీ అని అమ్మేవాళ్ళని నమ్మకండి.

కోజీ అన్నావు, ఏడ్చేశాను. ఏంటిది?

అలవాటు చేసుకోండి, ఈ బాపతు గేముల్లో మెత్తటి దుప్పటి కింద ఎప్పుడూ ఏదో ఒక దుఃఖం ఉంటది. స్పిరిట్‌ఫేరర్ అయితే చచ్చిపోవడం గురించిన కోజీ మేనేజ్‌మెంట్ గేమ్ అని వాళ్ళే ప్రచారం చేసుకున్నారు. ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయి ఉంటే అది ఇప్పుడు మొదలుపెట్టకండి. టౌన్‌స్కేపర్ ఆడుకోండి, అందులో కథా లేదు గెలుపూ లేదు, నీళ్ళమీద నొక్కితే ఇల్లు లేస్తది, పక్కన నొక్కితే ఇంకో ఇల్లు, మధ్యలో ఖాళీ వదిలితే అదే తోటైపోద్ది. స్వీడన్‌కి చెందిన ఆస్కర్ స్టోల్‌బర్గ్ చేశాడు.

ప్లే స్టోర్‌లో ఫ్రీగా బోలెడు కోజీ గేమ్స్ ఉన్నాయిగా, కొనడం ఎందుకు?

ఒక్కసారి ఆ ఫ్రీ గేమ్‌కి ముగింపు ఉందేమో చూడండి. ఉండదు. ఉంటే వాళ్ళకి నష్టం.

పిల్లిపిల్లలు, చిన్న కేఫ్, గులాబీ రంగు, అంతా కోజీగానే ఉంటది. అరగంట అయ్యేసరికి ఎనర్జీ అయిపోయింది నాలుగు గంటలాగు లేదా 89 రూపాయలు కట్టు అంటది. రాత్రి పడుకుంటే నీ పిల్లి నీకోసం ఎదురుచూస్తోంది అని నోటిఫికేషన్. మనకి ప్రశాంతత ఇస్తానని వచ్చి మన ప్రశాంతతని కుదువ పెట్టుకోవడం ఇది. మొదట్లో చెప్పిన ఏ ప్రమాదమూ లేదన్న ధీమా ఎక్కడ పోయింది మరి? 2024 చివర్లో వచ్చిన ఇన్ఫినిటీ నిక్కీ చూడ్డానికి ఎంత అందంగా ఉంటదో, లోపల గౌన్ల కోసం లాటరీ అంత గట్టిగా ఉంటది.

పైగా సర్వర్ ఆపేస్తే అంతా పోద్ది. యానిమల్ క్రాసింగ్ పాకెట్ క్యాంప్ 2017 నుంచి నడిచి నవంబర్ 2024లో ఆగింది. నింటెండో కాస్త మంచి పని చేసి, ఒకసారి డబ్బులు కట్టి ఆఫ్‌లైన్‌లో ఆడుకునే వెర్షన్ ఇచ్చింది. అందరూ ఇవ్వరు.

ఫ్రీగానే కావాలంటే ఇచ్.ఐఓ అనే వెబ్‌సైట్‌కి వెళ్ళండి, 48 గంటల పోటీల్లో కాలేజీ పిల్లలు చేసిన బుల్లి గేములు వేలల్లో ఉంటాయి, చాలావరకు చెత్త, మధ్యలో ఒక్కోటి మాణిక్యం. టౌన్‌స్కేపర్ కూడా బ్రౌజర్‌లో ఫ్రీగా కొంత ఆడుకోవచ్చు.

ఇంత పొగుడుతున్నావు, లోపాలే లేవా?

ఎందుకు లేవు. మొదటిది, అన్నీ ఒకేలా ఉండటం. తాతగారి పొలం, కాఫీ షాపు, పుట్టగొడుగులు, టోపీ పెట్టుకున్న కప్ప. కోజీ అనే ట్యాగ్‌తో అమ్ముడుపోతున్నాయని తెలిశాక 2020 తర్వాత వరదలా వచ్చేశాయి, లాక్‌డౌన్‌లో అందరికీ అదే కావాల్సి వచ్చింది మరి.

రెండోది నాకు కొంచెం గట్టిగానే గుచ్చుకునేది. ఈ గేముల్లో పని ఎప్పుడూ తియ్యగా ఉంటది. విత్తనం వేస్తే మొలుస్తది, మొలిస్తే అమ్ముడుపోద్ది, అకాల వర్షం ఉండదు, దళారీ ఉండడు, గిట్టుబాటు ధర గొడవ ఉండదు. ఖమ్మంలో మిర్చి పండించే ఇంటి కుర్రాడికి పొలం గేమ్ చూపిస్తే ఏమంటాడో ఊహించుకోండి. అలసిపోయిన ఆఫీస్ జనం కోసం కట్టిన పొలం అది, రైతు కోసం కాదు. తప్పేం కాదు, తెలిసి ఆడితే చాలు.

మూడోది, ఎవరూ ఎవరితో నిజంగా గొడవ పడరు, అందరూ మంచోళ్ళే. గంటన్నర బాగుంటది, ఇరవై గంటలైతే చిరాకొస్తది. అందుకే కోజీ గేమ్ చిన్నగా ఉంటేనే బాగుంటదని నేను అనేది. షార్ట్ హైక్‌ని ముప్పై గంటలకి సాగదీస్తే అదే కప్ప పిల్లోడిని చూసి మొహం తిప్పుకుంటాం.

పాత ల్యాప్‌టాప్‌లో నడుస్తాయా?

చాలావరకు నడుస్తాయి. డౌటుంటే కొని వెంటనే ఓపెన్ చేసి చూడండి, నడవకపోతే పైన చెప్పిన రీఫండ్ ఉంది, దానికోసమే ఉంది.

తెలుగులో ఉన్నాయా?

నేను పైన చెప్పినవాటిలో తెలుగు చూడలేదు. కానీ అన్‌ప్యాకింగ్, టౌన్‌స్కేపర్, మాన్యుమెంట్ వ్యాలీ, ఫ్లోరెన్స్‌కి చదవడం పెద్దగా అక్కర్లేదు. షార్ట్ హైక్, వెంబా మాత్రం ఇంగ్లీష్ కాస్త రావాలి.

అమ్మకి ఇద్దామనుకుంటున్నా. ఎప్పుడూ గేమ్ ఆడలేదు.

కంట్రోలర్ ఇవ్వకండి, రెండు పుల్లలు ఒకేసారి తిప్పడం కొత్తవాళ్ళకి నరకం. టాబ్ ఇచ్చి అన్‌ప్యాకింగ్ పెట్టండి. పక్కన కూర్చోండి కానీ అక్కడ కాదు ఇక్కడ పెట్టు అని చెప్పకండి, వంటగది లెవెల్‌లో అసలు నోరెత్తకండి, గిన్నెలు ఎక్కడుండాలో ఆవిడకి తెలుసు.

క్రాక్ వెర్షన్ లింక్ ఉందా?

లేదు. షార్ట్ హైక్ లాంటివి ఒక్కడు కూర్చుని చేసిన గేములు, సేల్ దాకా ఆగు తమ్ముడూ.